తేలు విషమును, ఆల్ఫా బీటా నిరోధక ఔషధములును

(ఉన్నత తరగతుల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును)

"తేలు కుట్టిన దొంగవలె" అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. దొంగతనమునకు వచ్చినవానికి చీకటిలో తేలు కుట్టినను వాడు కేక వేయలేడు, వేసినచో పట్టుబడును. కాని తేలు కుట్టిన బాలుడు దొంగ కాడు. అతడు వెంటనే చెప్పవలయును. పెద్దలు వెంటనే వినవలయును. ఏలయన కొన్ని జాతుల తేళ్ళ విషము కొన్ని గంటలలోనే గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. అట్టి సమయమున ప్రాణము నిలుపు మందు ఒకటి మన దేశమున ఒక గ్రామ వైద్యుని చేతిలో సార్థకమైనది. ఆ మందు విషమునకు నేరుగా విరుగుడు కాదు. రక్తపుపోటునకు వాడు చిన్న మాత్ర. రక్తపుపోటు మాత్రకును తేలుకాటునకును సంబంధ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

చమఖండి పరిసర గ్రామములవారికి తేలు క్రొత్తది కాదు. గంజాం తీరమున మొగలి పొదలు, సరుగుడు తోటలు, ఇసుక నేలలు కలవు. ఇంటి ప్రక్కన వంటచెఱకు మోపులు, పాత పెంకుల కుప్పలు ఉండును. వానలు ప్రారంభమైనంతనే తేలు పొడిచోటు వెదకుకొనుచు ఇంటిలోనికి వచ్చును. కావున ఈ పాఠము పరీక్షకొఱకు మాత్రమే కాదు, ఇంటికొఱకు కూడ.

1. ఆపదలో శరీరము చేయు పని

సంజవేళ ఒంటరిగా ఇంటికి వచ్చుచుండగా ఒక కుక్క మొఱుగుచు మీ వెంటబడినదనుకొనుడు. ఆ క్షణమున మీ గుండె దడదడ కొట్టుకొనును. నోరు ఎండిపోవును. అరచేతులు చెమర్చును. ముఖము తెల్లబాఱును. అంతవఱకు అలసియున్న కాళ్ళకు ఎక్కడనుండియో బలము వచ్చును. ఈ పనులలో ఒక్కటియు మీరు ఆలోచించి చేసినది కాదు. మీ ఆజ్ఞ లేకయే శరీరము తన్ను తాను రక్షించుకొనుటకు సిద్ధపడినది.

ఈ ఏర్పాటును నడుపునది సహానుభూత నాడీవ్యవస్థ. దీనికి తోడుగా రెండు మూత్రపిండముల శిరస్సులపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానికి అధివృక్క గ్రంథులని పేరు. ఒక్కొక్కటి సుమారు 5 గ్రాముల బరువుండును. ఆపద తోచినప్పుడు ఈ గ్రంథుల నడిమి భాగమునుండి అడ్రినలిన్ అను రసము రక్తములోనికి వచ్చును. నాడుల కొనలనుండి దాని తోబుట్టువు వంటి నారడ్రినలిన్ వెలువడును. ఈ రెండును కలిసి గుండెను వేగపఱచును, చర్మమునకును ప్రేగులకును పోవు రక్తనాళములను బిగించును, కండరములకు రక్తమును మళ్ళించును, శ్వాసనాళములను విప్పును, కాలేయమందు దాచిన చక్కెరను రక్తములోనికి విడిపించును.

అపాయము తొలగినంతనే ఈ రసములు నశించి శరీరము మరల శాంతించును. తగినంతకాలము, తగినంత మాత్రము పనిచేసినచో అడ్రినలిన్ మనకు మిత్రము. హద్దు దాటినచో అదియే శత్రువగును.

2. అడ్రినలిన్ ఎట్లు దొఱకినది?

1894వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జార్జి ఆలివర్ అను వైద్యుడును, ఎడ్వర్డ్ షేఫర్ అను శరీరశాస్త్రాచార్యుడును కలిసి అధివృక్క గ్రంథుల రసమును జంతువుల రక్తములోనికి ఎక్కించి చూచిరి. రక్తపుపోటు ఒక్కసారిగా పైకి లేచెను. అంత చిన్న గ్రంథిలో అంత శక్తి యున్నదని అంతవఱకు ఎవ్వరును ఎఱుగరు. 1901లో అమెరికాలో పనిచేయుచున్న జపాను రసాయనవేత్త జోకిచి టకమినె ఆ రసమునుండి శుద్ధమైన స్ఫటికములను తీసినట్లు ప్రకటించెను. అడ్రినలిన్ అను పేరు ఆయన పెట్టినదే.

పదార్థము చేతికి చిక్కినది. కాని ఒక చిక్కు మిగిలెను. ఒకే రసము ఒకచోట నాళమును బిగించుచున్నది; మఱియొకచోట విప్పుచున్నది. ఒకే పదార్థము రెండు విరుద్ధమైన పనులు చేయుట ఎట్లు?

3. బూజు చెప్పిన రహస్యము

మన సజ్జచేలలో వెన్నులకు తేనెబంక తెగులు పట్టుట మీలో కొందఱు చూచియుందురు. అట్టి కుటుంబమునకే చెందిన ఒక శిలీంధ్రము ఐరోపాలో రై అను ధాన్యమునకు పట్టును. దానికి ఎర్గాట్ అని పేరు. ఆ ధాన్యము తిన్నవారికి రక్తనాళములు బిగిసి చేతివ్రేళ్ళు, కాలివ్రేళ్ళు నల్లబడి రాలిపోయిన సందర్భములు ఐరోపా చరిత్రలో పెక్కులు కలవు.

ఇంగ్లండులో హెన్రీ డేల్ అను యువశాస్త్రజ్ఞుడు ఈ ఎర్గాట్ గుణములను పరిశోధించుచుండెను. 1906లో ఆయన ప్రకటించిన ఫలితములలో ఒకటి మిక్కిలి ఆశ్చర్యకరమైనది. పిల్లికి ముందుగా ఎర్గాట్ సారమునిచ్చి, పిదప అడ్రినలిన్ ఎక్కించినప్పుడు రక్తపుపోటు పెఱుగుటకు బదులు తగ్గిపోయెను! అదే రసము, అదే జంతువు. ఫలితము మాత్రము తలక్రిందులు. డేల్ దానిని దాచక ఉన్నదున్నట్లు వ్రాసెను. ఈ చిక్కుముడి విడుటకు 42 సంవత్సరములు పట్టినది.

4. ఆల్ఫా, బీటా

1948లో అమెరికాలోని జార్జియా వైద్యకళాశాలయందు రేమండ్ ఆల్క్విస్ట్ అను ఆచార్యుడు అడ్రినలిన్‌ను, దానికి చుట్టములైన మఱికొన్ని పదార్థములను తీసికొని, ఒక్కొక్క అవయవముపై ఏది ఎంత బలముగా పనిచేయునో వరుసగా కొలిచెను. వచ్చిన వరుసలు రెండే. రక్తనాళములను బిగించు పనిలో అడ్రినలిన్, నారడ్రినలిన్ ముందుండెను. ఐసోప్రెనలిన్ అను కృత్రిమ పదార్థము చిట్టచివర నిలిచెను. గుండెను వేగపఱచుట, శ్వాసనాళములను విప్పుట అను పనులలో ఆ చివరిదే మొదటిదయ్యెను.

దీనినిబట్టి ఆయన ఊహించినది యిది: కణములపై అడ్రినలిన్‌ను అందుకొను గ్రాహకములు ఒకే రకము కావు, రెండు రకములు. ఒకదానికి ఆల్ఫా అనియు, రెండవదానికి బీటా అనియు గ్రీకు అక్షరముల పేర్లు పెట్టెను. ఒక పరిశోధన పత్రిక ఈ వ్యాసమును నిరాకరింపగా వేఱొకటి ప్రకటించెను. అటుపిమ్మట పది సంవత్సరములవఱకు దానిని పట్టించుకొన్నవారు అరుదు. నేడు అది లేని ఔషధశాస్త్ర గ్రంథము లేదు.

ఒక ఉపమానము చెప్పుకొందము. ఒక యింటికి రెండు గదులు, రెండు తాళముకప్పలు కలవు. తాళపుచెవి మాత్రము ఒక్కటే. అది రెండింటికిని పట్టును. తాళపుచెవి అడ్రినలిన్. తాళముకప్పలు ఆల్ఫా, బీటా గ్రాహకములు. ఏ గది తెఱచుకొనునో, అందులోని పని జరుగును. పిమ్మట వచ్చిన శాస్త్రజ్ఞులు ఈ రెండింటిలోను ఉపభేదములను కనుగొనిరి. వానిలో ముఖ్యమైనవి యివి:

ఆల్ఫా-1: రక్తనాళములను బిగించును, మూత్రాశయపు మెడను బిగించును, కంటిపాపను విశాలపఱచును.

ఆల్ఫా-2: నాడి కొనయందుండి, "ఇక చాలు" అని నారడ్రినలిన్ ప్రవాహమును తగ్గించును. ఇది గుఱ్ఱమునకు కళ్ళెము వంటిది.

బీటా-1: గుండెను వేగముగను, బలముగను కొట్టుకొనజేయును.

బీటా-2: శ్వాసనాళములను, కండరములకు పోవు రక్తనాళములను సడలించును.

ఇప్పుడు డేల్ ప్రయోగమును మరల చూడుడు. ఎర్గాట్ ఆల్ఫా తాళములను మూసివేసినది. బిగించు దారి మూసికొనిపోగా అడ్రినలిన్‌కు మిగిలినది నాళములను సడలించు బీటా-2 దారి మాత్రమే. అందుచేత పోటు తగ్గినది. 42 సంవత్సరముల చిక్కుముడి ఒక్క వాక్యములో విడిపోయినది గదా!

5. నిరోధక మనగా నేమి?

తాళముకప్పలో దూరును గాని తిరుగని తాళపుచెవి ఒకటి యున్నదనుకొనుడు. అది లోపలనున్నంతవఱకు అసలు తాళపుచెవికి చోటు లేదు, గది తెఱచుకొనదు. నిరోధక ఔషధము చేయు పని యిదియే. అది గ్రాహకము నాక్రమించును, కాని దానిని పనిచేయింపదు.

ఇందును రెండు విధములు కలవు. కొన్ని మందులు గ్రాహకమునందు కొంతసేపుండి వెడలిపోవును. అడ్రినలిన్ చాల ఎక్కువైనచో వానిని నెట్టివేసి తాను చొరబడగలదు. ప్రాజోసిన్, ప్రొప్రనొలాల్ ఇట్టివి. కొన్ని మందులు తాళములో విఱిగిపోయిన చెవివలె గట్టిగా అతుకుకొనును. ఫినాక్సీబెంజమిన్ అట్టిది. శరీరము క్రొత్త గ్రాహకములను నిర్మించుకొనువఱకు దాని ప్రభావము నిలుచును.

ఇక్కడ సర్పగంధినిగూర్చి ఒక మాట. తూర్పు కనుమల అడవులలోను పెఱుగు ఈ మొక్క వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించి ప్రపంచము దృష్టి నాకర్షించెను. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు వేఱుచేసిరి. అది తాళములను మూయదు. నాడుల కొనలలో దాచియున్న తాళపుచెవుల నిల్వనే ఖాళీ చేయును. ఫలితము ఒకటివలె తోచినను మార్గము వేఱు. ఔషధశాస్త్రమున "ఏమి జరిగినది" అనుటతో తృప్తిపడరాదు. "ఎట్లు జరిగినది" అని కూడ అడుగవలయును.

6. బీటా నిరోధకములు

గుండెకు రక్తము చాలక నొప్పి వచ్చు రోగులకు పూర్వము వైద్యులు గుండెకు రక్తము ఎక్కువ పంపుటకు ప్రయత్నించుచుండిరి. స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ బ్లాక్ వేఱు విధముగా ఆలోచించెను. రాబడి పెంచుట సాధ్యము కానిచో ఖర్చు తగ్గింపరాదా? బీటా తాళమును మూసినచో గుండె నెమ్మదిగా కొట్టుకొనును, దానికి కావలసిన ప్రాణవాయువు తగ్గును, నొప్పి తగ్గును. ఆల్క్విస్ట్ వ్యాసమే ఆయనకు దారిదీపమైనది. 1962లో ప్రొనెథలాల్, 1964లో అంతకంటె మేలైన ప్రొప్రనొలాల్ వెలుగులోనికి వచ్చినవి. 1988లో బ్లాక్‌కు నోబెల్ బహుమానము లభించెను.

అధిక రక్తపుపోటు, గుండెనొప్పి, గుండె లయ తప్పుట, చేతుల వణకు, తఱచుగా వచ్చు ఒంటితలనొప్పి మున్నగు వానికి ఈ మందులు వాడుదురు. అటినొలాల్, మెటోప్రొలాల్ అనునవి ఎక్కువగా బీటా-1నే మూయును. తల్లిదండ్రులు గమనింపవలసినవి మూడు కలవు.

మొదటిది: ఉబ్బసము గలవారికి ప్రొప్రనొలాల్ అపాయకరము. అది బీటా-2ను కూడ మూయుటచే శ్వాసనాళములు బిగిసికొనును. ప్రక్కయింటివారి మాత్ర మనకు పనికివచ్చునని యెంచరాదు.

రెండవది: మధుమేహమునకు మందు వాడువారికి రక్తములో చక్కెర పడిపోయినప్పుడు గుండెదడ, వణకు హెచ్చరికలుగా వచ్చును. బీటా నిరోధకము ఆ హెచ్చరికలను కప్పివేయును. చెమట మాత్రము పట్టును. ఆ గుర్తు నెఱిగియుండవలయును.

మూడవది: ఈ మాత్రలను ఒక్కసారిగా మానరాదు. చాలకాలము తాళములు మూసియుంచినచో శరీరము క్రొత్త తాళములను పెంచుకొనును. మందు ఆపినంతనే అవియన్నియు ఒక్కసారి తెఱచుకొని గుండెకు ముప్పు తెచ్చును. వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గింపవలయును.

7. ఆల్ఫా నిరోధకములు

ఆల్ఫా తాళమును మూసినచో బిగిసియున్న రక్తనాళములు సడలును, పోటు తగ్గును. ఫెంటోలమిన్ వంటి పూర్వపు మందులు ఆల్ఫా-1, ఆల్ఫా-2 రెండింటిని మూయుచుండెను. ఆల్ఫా-2 కళ్ళెమని చెప్పియుంటిమి. కళ్ళెము తెగిన గుఱ్ఱమువలె నాడి మఱింత నారడ్రినలిన్‌ను క్రుమ్మరించును, గుండె పరుగెత్తును. 1970వ దశకమున వాడుకలోనికి వచ్చిన ప్రాజోసిన్ ఆల్ఫా-1ను మాత్రమే మూయును. కళ్ళెము నట్లే యుంచును. అందుచేత నాళములు సడలినను గుండె అంతగా పరుగెత్తదు.

ముసలివారికి మూత్రము సరిగా రానప్పుడిచ్చు టామ్సులోసిన్ కూడ ఆల్ఫా నిరోధకమే. మూత్రాశయపు మెడను సడలించును. ఈ మందుల మొదటి మోతాదు తీసికొన్న పిదప హఠాత్తుగా లేచి నిలబడినచో పోటు పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. అందుచేతనే మొదటి మాత్రను రాత్రి పండుకొనుటకు ముందు వేసికొమ్మని చెప్పుదురు.

8. తేలు విషము చేయు పని

మన దేశమున తేళ్ళు అనేక జాతులు కలవు. పెద్దదిగా, నల్లగా నుండు మండ్రగబ్బను చూచినచో అందఱును భయపడుదురు. దాని కాటు నొప్పి కలిగించును గాని ప్రాణము తీయుట అరుదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞులు నల్లతేలుపై చాలకాలము పరిశోధనలు జరిపిరి. అంతకంటె చిన్నదైన ఎఱ్ఱతేలు మిక్కిలి ప్రమాదకరమైనది. అది మహారాష్ట్రమున కొంకణ తీరమందు విశేషముగను, కర్ణాటకాంధ్ర తమిళ ప్రాంతములందును కానవచ్చును. సామాన్యముగా కొండ్లు లావుగా, తోక సన్నముగా నున్న తేలుకు విషబలము తక్కువ. కొండ్లు సన్నముగా, తోక లావుగా నున్నదానికి ఎక్కువ. అయినను కుట్టిన తేలును పట్టి చూచుటకై కాలము వ్యర్థము చేయరాదు.

ఎఱ్ఱతేలు విషము నాడీకణముల గోడలలోని సోడియం ద్వారములను మూసికొననీయదు. మూసికొనని ద్వారముచేత నాడి అదేపనిగా మ్రోగుచుండును. మొదట వాంతులు, విపరీతమైన చెమట, నోట లాలాజలము కలుగును. పిమ్మట నాడుల కొనలనుండియు, అధివృక్క గ్రంథులనుండియు నారడ్రినలిన్, అడ్రినలిన్ వఱదవలె వచ్చిపడును. కుక్క వెంటబడినప్పుడు కొన్ని నిమిషములపాటు జరిగిన పని ఇక్కడ గంటల తరబడి, హద్దులేక జరుగును. ఆల్ఫా తాళములన్నియు తెఱచుకొని రక్తనాళములు బిగిసిపోవును, చేతులు కాళ్ళు చల్లబడును, పోటు పెఱుగును. బిగిసిన నాళములలోనికి రక్తమును నెట్టలేక గుండె అలసిపోవును. వెనుకకు నిలిచిన రక్తమునుండి నీరు ఊపిరితిత్తులలోనికి ఊరును. దగ్గు, ఆయాసము, గులాబిరంగు నురుగు కనబడును. పిల్లల శరీరము చిన్నదగుటచే అదే విషము వారికి మఱింత ప్రమాదకరము.

9. మహాడ్ వైద్యుని పరిశీలన

మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లాలో మహాడ్ అను చిన్న పట్టణము కలదు. దాని సమీపమందలి బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున 1970వ దశకపు ఉత్తరార్ధమున హిమ్మత్‌రావ్ బవాస్కర్ అను యువవైద్యుడు పనిచేయుచుండెను. ఎఱ్ఱతేలు కుట్టిన రైతులు, పిల్లలు ఆయన కన్నుల యెదుట ఊపిరితిత్తులలో నీరు చేరి మరణించుచుండిరి. ఆయన రోగుల మంచముల ప్రక్కనే కూర్చుండి నాడిని, పోటును, చేతుల చల్లదనమును గంటగంటకు వ్రాసికొనెను. అట్లు సేకరించిన లక్షణముల వివరము 1982లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటింపబడెను.

వ్యాధి మూలము విపరీతమైన ఆల్ఫా ప్రేరణ యైనచో ఆల్ఫా తాళమును మూయుటయే చికిత్స గదా! రక్తనాళములను సడలించు సోడియం నైట్రోప్రుస్సైడ్‌ను ఆయన మొదట వాడెను. కాని అది బొట్టుబొట్టుగా నరములోనికి ఎక్కింపవలసినది, అనుక్షణము కనిపెట్టవలసినది. పల్లెకు తగినది కాదు. ప్రాజోసిన్ నోటితో మ్రింగు మాత్ర, చౌకయైనది, ఏ చిన్న ఆరోగ్య కేంద్రమందైన నుంచదగినది. హిమ్మత్‌రావ్, ఆయన భార్యయైన డాక్టరు ప్రమోదిని కలిసి తమ అనుభవమును 1986లో లాన్సెట్ పత్రికలోనే ప్రకటించిరి. ప్రాజోసిన్‌కు ముందు తీవ్రముగా విషమెక్కినవారిలో నూటికి 30 మంది వఱకు మరణించుచుండగా, దాని రాకతో ఆ సంఖ్య అత్యల్పమైనదని వారి నివేదికలు తెలుపుచున్నవి.

వారు అంతటితో నిలువలేదు. తేలువిషమునకు విరుగుడు సీరమును ప్రాజోసిన్‌తో కలిపి యిచ్చినచో మఱింత మేలగునా అని 70 మంది రోగులపై పరీక్షించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. రెండు మందులను పొందిన 35 మందిలో 32 మంది 10 గంటలలో పూర్తిగా కోలుకొనిరి. ప్రాజోసిన్ మాత్రమే పొందిన 35 మందిలో అంతలో కోలుకొన్నవారు 8 మంది. సీరము విషమును పట్టుకొనును. ప్రాజోసిన్ విషము లేపిన తుపానును అణచును. 2022లో బవాస్కర్‌కు పద్మశ్రీ పురస్కారము లభించెను. పెద్ద ప్రయోగశాల లేకున్నను, శ్రద్ధతో చూచి, చూచినది వ్రాసికొన్నచో విజ్ఞానము పల్లెటూరిలోను పుట్టునని ఆయన జీవితము చెప్పుచున్నది.

10. ఏ తాళము ముందు?

తేలు కుట్టినవానికి గుండె వేగముగా కొట్టుకొనుచున్నది గదా, బీటా నిరోధకము నిచ్చి దానిని తగ్గింపరాదా యని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న మంచిది; సమాధానము మిక్కిలి ముఖ్యమైనది. బీటా తాళమును మాత్రమే మూసినచో నాళములను సడలించు బీటా-2 దారి మూసికొనును. బిగించు ఆల్ఫా దారి తెఱచియే యుండును. అడ్రినలిన్ అంతయు ఆల్ఫావైపు పనిచేయును. పోటు మఱింత పెఱుగును. అదే సమయమున గుండె బలము తగ్గును. అలసిన ఎద్దుపై బరువు పెంచి మేత తగ్గించినట్లగును. ఇది డేల్ ప్రయోగమునకు సరిగా తలక్రిందులైన స్థితి.

అధివృక్క గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అను కణితి పుట్టి అడ్రినలిన్ విపరీతముగా ఊరు రోగులకును ఇదే నియమము. ముందు ఆల్ఫాను మూయవలయును. అవసరమైనచో పిమ్మట బీటాను మూయవలయును. వరుస తప్పినచో మందే హాని చేయును. మందులలో మంచిది, చెడ్డది యని రెండు జాతులు లేవు. ఏది, ఎవరికి, ఎప్పుడు, ఏ వరుసలో అన్నదే ప్రశ్న.

11. మనము చేయవలసినది

తేలు కుట్టినప్పుడు రోగికి ధైర్యము చెప్పి కదలకుండ నుంచవలయును. కుట్టినచోట సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయవచ్చును. కోయరాదు, కాల్చరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఇంటిలోనున్న పోటు మాత్రలను సొంతముగా ఈయరాదు. ప్రాజోసిన్ మోతాదు బరువునుబట్టి వైద్యుడు నిర్ణయించునది.

మంత్రముతో తగ్గినదని చెప్పువారిని పరిహసింపవలసిన పనిలేదు. వారు చూచినది నిజమే. అనేకుల కాట్లు నొప్పితోనే పోవును. మంత్రము వేసినను, వేయకున్నను కొన్ని గంటలకు నొప్పి తగ్గును. కాని తగ్గని ఆ కొద్దిమందికి పోయిన గంటలు తిరిగి రావు. నొప్పి తక్కువగా నున్నంతమాత్రమున భయము లేదనియు తలపరాదు. వాంతి, చెమట, చల్లని చేతులు, ఆయాసము, వీనిలో ఏది కనబడినను 108 అంబులెన్సును పిలిచి ఆసుపత్రికి చేర్పవలయును. పిల్లల విషయమున లక్షణములకై వేచియుండకయే తీసికొనిపోవుట మేలు. మన జిల్లాలో బరంపురమందు 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల కలదు.

ఆసుపత్రిలో మాట తడబడుట మనవంటి తెలుగు కుటుంబములకు కలుగు కష్టము. ఒడియాలో బిచ్ఛా అన్నమాత్రముననే తేలని తెలియదు. తేలును కంకడా బిచ్ఛా అందురు. కంకడా యనగా పీత. తెంతుళియా బిచ్ఛా యనినచో జెఱ్ఱి. ఈ రెండును మాఱినచో వైద్యుడు వేఱు విధముగా భావించును. వాంతిని బాంతి యనియు, చెమటను ఝాళ యనియు, చేతులు కాళ్ళు చల్లబడినవనుటకు హాత గోడ థండా యనియు చెప్పవలయును. పాఠశాలలో రెండు భాషలు నేర్చిన బాలుడు ఆ రాత్రి తన తల్లికి నోరగును. కుట్టిన వేళను కూడ జ్ఞాపకముంచుకొని చెప్పవలయును.

కుట్టకమునుపే జాగ్రత్తపడుట అన్నిటికంటె సులభము. చీకటిలో దీపము లేక నడువరాదు. చెప్పులను, చాపను, ఆరవేసిన బట్టలను దులిపి వాడవలయును. వంటచెఱకును, పెంకులను గోడకు దూరముగా పేర్చవలయును. పిల్లలను వట్టినేలపై పండుకొననీయరాదు.

విద్యార్థులారా! 1906లో ఒక శాస్త్రజ్ఞుడు బూజుతో చేసిన ప్రయోగము, 1948లో మఱియొకరు పెట్టిన రెండు అక్షరముల పేర్లు, ఎనుబదవ దశకమున మహాడ్‌లో ఒక శిశువు ప్రాణమును కాపాడినవి. జ్ఞానము ఎక్కడ పుట్టి ఎక్కడ పనికివచ్చునో ముందుగా చెప్పలేము. ఈ పాఠమును చదివి మూసివేయక, నేటి రాత్రి ఇంటిలో అమ్మకు, నాయనమ్మకు చదివి వినిపింపుడు. తేలు కుట్టినచో దొంగవలె ఊరకుండవలదని చెప్పుడు.

ప్రశ్నలు

1. అడ్రినలిన్ శరీరమున చేయు నాలుగు పనులను వ్రాయుము.

2. డేల్ ప్రయోగమున రక్తపుపోటు ఏల తగ్గెను? ఆల్ఫా, బీటా గ్రాహకముల సహాయముతో వివరింపుము.

3. నిరోధక ఔషధమునకును రిసర్పిన్‌కును గల భేద మేమి?

4. ప్రాజోసిన్ ఆల్ఫా-2ను మూయకుండుటచే కలుగు లాభ మేమి?

5. తేలుకాటున బీటా నిరోధకమును మాత్రమే యిచ్చుట ఏల అపాయకరము?

6. తేలు కుట్టిన ఐదేండ్ల తమ్మునితో నీవు ఆసుపత్రికి వెళ్ళితివి. వైద్యునితో ఒడియాలో ఏమేమి చెప్పుదువు? ఇంటిలో పెద్దల సహాయముతో వ్రాసికొని రమ్ము.